జింకకొక చింతగింజ

నా చిన్నప్పుడే తెలిసింది, పగ పట్టడానికి వయసు అడ్డం కాదని. నాకప్పుడు తొమ్మిదేళ్లు. నిజాం రోజులు. ఎల్లారెడ్డి అవతల అడవి అంచున మాకో మెట్టచేను, చెలక, ఉండేది. ఆ సంవత్సరం జొన్న నడుము దాకా ఎదిగిందో లేదో, జింకలు సగం చేను నున్నగా గొరిగి పెట్టాయి. మంగలి కూడా అంత శుభ్రంగా గొరగడు. మిగిలిన సగం దక్కితేనే మాకు ఏడాదంతా తాగడానికి జొన్నగటక. అది దక్కాలంటే చుట్టూ ముళ్లకంప వేయాలి. అడవిలో కంప కొట్టాలంటే జంగ్లాత్ జవాను, అంటే అడవి కాపలావాడు, ఒప్పుకోవాలి.

మా నాన్న తల్లి, మా బాపమ్మ, నన్ను వెంటబెట్టుకుని వెళ్లి అడిగింది. ఆ జవాను మీసాల మీద రెండు తడిచీరలు ఆరేయవచ్చు. వాటిని దువ్వుకుంటూ ఊరంతా వినేలా అన్నాడు: "ఈ అడివిల ఉన్నయే ఏడు జింకలు, ముసలమ్మా. చేను అవి మేసినయా, నీ మనుమరాలు మేసిందా?"

ఊరు పగలబడి నవ్వింది. ఆ రోజునుంచి నేను కనబడితే చాలు, పిల్లలు గడ్డిపరక చూపించి "దా, దా" అని పిలిచేవాళ్లు. కలలో ఆ మీసాలను ఎన్నిసార్లు కొడవలితో కోశానో!

అంతలో జవాను పై అధికారి, జంగ్లాత్ దొర, కామారెడ్డిలో రైలు దిగి మా వైపు వస్తున్నాడని తెలిసింది. ఆయన ఎదుటే ఆ మాటను జవాను చేత మింగించాలని ఒట్టు పెట్టుకున్నాను. తెల్లారగానే చేను, బావి, గుట్ట అన్నీ తిరిగి, కనబడిన జింకనల్లా లెక్కపెట్టి, రొప్పుతూ వచ్చి చెప్పాను: మూడువందలు!

"చెట్టుకో జింకను కట్టేసినా అన్ని కావే పిల్లా," అంది బాపమ్మ. "బాయికాడ సూసినదాన్నే గుట్టకాడ సూసినవ్. దానికి కాళ్లున్నయ్. నీ లెక్క కోసం నిలవడుతదా?"

బాపమ్మ పుట్టింటివాళ్లు గొర్రెలకాపరులు. మందను మేతలో ఉండగా వాళ్లు లెక్కించరట. దొడ్డి కంతలోంచి ఒక్కొక్కటే బయటికి వస్తుంటే, గొర్రెకొక చింతగింజ పక్కన వేస్తారట. జింకలకు దొడ్డి లేదు గానీ, మేసి అడవికి మళ్లే దారిలో రెండు గుట్టల మధ్య ఇరుకు సందుంది. గాలి వాటి వైపునుంచి మా మీదికి వీచే చోటు చూసుకుని, తెల్లవారుజామున ఒక బండ చాటున కూర్చున్నాం. జింకకొక గింజ. ఒక చీమ నా చెవిలో కాపురం పెట్టి, పిల్లల్ని కని, వాటికి పెళ్లిళ్లు చేసినా నేను కదల్లేదు. పగంటే అది.

మూడు రోజులు మూడు లెక్కలు వచ్చాయి: నలభైఏడు, నలభైమూడు, నలభైఆరు. యాభై అందామన్నాను. బాపమ్మ అన్నిటికంటే తక్కువదే పట్టుకుని, నలభైమూడు గింజలు కొంగున ముడేసింది.

"పగ తీర్సుకునేటోళ్లు ఒక్కటి గూడ ఎక్కువ చెప్పొద్దు బిడ్డా. ఆ ఒక్కటి దొరికితే సాలు, మిగిలినయన్నీ అబద్ధమే అంటడు."

దొర వచ్చాడు. జవాను మళ్లీ ఏడే అన్నాడు. బాపమ్మ వాదించలేదు. తెల్లారి ఇద్దరినీ సందు దగ్గరికి రమ్మని, అక్కడ గింజలన్నీ జవాను దోసిట్లో పోసింది. "జింకకొకటి కింద ఇడువు కొడుకా. ఒక్క గింజ మిగిలినా నాకు కంప వద్దు."

నా గుండె చప్పుడుకు జింకలు బెదురుతాయేమోనని భయపడ్డాను. మొదటి ఏడూ ఒక్క ఊపిరిలో దాటిపోయాయి. ఇరవై దాటేసరికి జవాను మీసాలు గడ్డం మీదికి జారాయి, నలభైకి ఛాతీ మీదికి. ఆఖరి గింజ రాలింది. సరిగ్గా అప్పుడే ఒక బుజ్జి జింకపిల్ల గెంతుతూ సందులోకి వచ్చింది. జవాను అరచేయి చూసుకున్నాడు. ఖాళీ. నేను మెల్లగా అతని చెవి దగ్గరికి జరిగి అడిగాను: "ఏడింట్ల ఇది ఎన్నోది, మామా?"

ఆ వారమే మా కంప లేచింది. దొర హుకుం మీద మొదటి మోపు జవానే మోశాడు. నేను ముందు నడుస్తూ, గడ్డిపరక చూపించి, "దా, దా" అని దారంతా పిలిచాను. ఆ తీపి ఇప్పటికీ నాలుక మీదే ఉంది.

మూడువందలని నా లెక్కే చెప్పి ఉంటే, అతని దోసిట్లో గింజలు మిగిలిపోయేవి, మా చేను పోయేది. అందుకే నేటికీ ఎవరిమీదైనా పగ తీర్చుకోవాల్సి వస్తే, వాళ్లు చేసినదాంట్లో అన్నిటికంటే తక్కువ లెక్కే పట్టుకుని వెళతాను. ఈ ముచ్చటలో మీరు మీసాలను సగానికి కోసుకోండి, చీమల పెళ్లిళ్లు కొట్టేయండి. నలభైమూడు జోలికి మాత్రం రాకండి.