గ్రహణం నాడు చేపల తొట్టి

నస్పూర్ క్వార్టర్‌లో మా ఆయన తన చేతులతో అద్దాలు అతికించి చేసుకున్న చేపల తొట్టి ఒకటి ఉండేది. అందులో గోదావరి నుంచి తెచ్చిన రాళ్లు, ఆ రాళ్లనే పట్టుకుని పెరిగిన నీటి మొక్కలు, నాలుగు ఎర్ర చేపలు. బొగ్గుబాయిలో కప్పు కూలి నడుం విరిగాక ఆయన లోపలి గదిలో మంచం పట్టాడు. తొట్టేమో ముందు గదిలో. నెలల తరబడి గోడవైపే తిరిగి పడుకునేవాడు. ఇటు తిప్పబోతే మూలిగేవాడు, నన్ను తిట్టేవాడు. నాకు మాత్రం ఓపిక ఎక్కడిది? నల్లా దగ్గర లైను, వంట, ఆయన పక్కబట్టలు, సాయంత్రానికి నా నడుం నాది కాకుండా పోయేది. భుజం పట్టి ఒక్క గుంజు గుంజి దుప్పటి మార్చేదాన్ని.

ఒకరోజు ఆయనే నోరు విప్పాడు. "తొట్టి గీ అర్రలకు తేరాదా? జర సూసుకుంట పండుకుంట."

మంచం పట్టాక ఆయన అడిగిన మొదటి కోరిక అది. అది తీరితే మనిషి మళ్లీ మనుషుల్లో పడతాడని నా ఆశ. కానీ నిండు తొట్టి కదలదు. అన్నీ బయటికి తీసి, మోసి, మళ్లీ సర్దాలి. ఆ మొక్కలు కాస్త గాలి సోకితే చాలు, వాడిపోతాయి. అవి పోతే ఈయన ఇక గోడనే చూస్తూ ఉండిపోతాడని భయం వేసింది.

పొద్దున్నే పని మొదలుపెట్టాను. గోడవైపు తిరిగే ఆయన ఒక్కొక్కటీ చెప్పాడు.

"చేతులకు సబ్బు, నూనె ఉండొద్దు. తడి చేతులతోనే ముట్టు. మొక్కను పట్టి గుంజకు, రాయి కింద అరచెయ్యి పెట్టి లేపు. పాత నీళ్లు పారబొయ్యకు, గవే వాటికి పానం."

నేనేం చేస్తున్నానో కేకేసి చెబుతుంటే "గట్లనే, గట్లనే" అనేవాడు. రాళ్లన్నీ తడిపిన పాత ధోతిలో చుట్టి నీడన పెట్టాను. చేపలు బకెట్లోకి, పాత నీళ్లు రెండు బిందెల్లోకి చేరాయి. ఇక తొట్టి మోయడానికి పక్క క్వార్టర్ వాళ్లు రావాలి. ఆ రోజు సూర్యగ్రహణమని నాకు అప్పుడు గుర్తొచ్చింది. అది విడిచేదాకా ఎవరూ గడప దాటలేదు.

విడవగానే వాళ్లను పిలుచుకొచ్చి ఖాళీ తొట్టిని లోపలి గదిలో పెట్టించాను. ఈలోపు సుల్తానాబాద్ నుంచి వచ్చి ఉన్న మా అత్తమ్మ ఆ రెండు బిందెలూ మోరీలో వంచేసి, కడిగి బోర్లించింది.

"గ్రహణం పట్టిన నీళ్లు ఇంట్ల ఉంచుతరా పిల్లా?"

బకెట్ దగ్గరికి పరుగెత్తాను. అది మాత్రం అలాగే ఉంది. పచ్చడి జాడీమీద వేసినట్టే దానిమీదా గరిక పోచలు వేసింది.

"పానమున్న నీళ్లు ఎట్ల పారబోస్త?" అంది అత్తమ్మ.

కోపం గొంతుదాకా వచ్చింది. సంగతి తెలిసి బిక్కచచ్చిన ఆ ముసలి ముఖం చూసి మింగేశాను. నల్లా నీళ్లు ఒకటే బ్లీచింగ్ వాసన. ఒకరోజు నిలవ ఉంచితే గానీ పనికిరావు. అత్తమ్మ ఎవరూ చెప్పకుండానే ధోతి మూటల పక్కన చతికిలపడి, బకెట్లోంచి కొద్దికొద్దిగా నీళ్లు చల్లుతూ కూర్చుంది. ఆమె కునికినప్పుడు నేను చల్లాను.

మర్నాడు లోపలి గదిలో, నిలవ ఉంచిన నీళ్లు పోసి, అన్నీ మళ్లీ సర్దాను. సగం ఆకులు పసుపెక్కాయి కానీ వేళ్లు రాళ్లను వదల్లేదు. చేపలు నాలుగూ తిరుగుతున్నాయి.

"తొట్టి వచ్చింది, జర ఇటు సూడు" అన్నాను.

తనంతట తాను తిరగలేడు కదా. నా చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి. గుంజే శక్తి కూడా మిగల్లేదు. ఒక అరచెయ్యి భుజం కింద, ఒకటి నడుం కింద పెట్టి మెల్లగా తిప్పాను. మూలుగుతాడని చూశాను. మూలగలేదు.

"గట్లనే" అన్నాడు.

నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "గిన్నొద్దులు నోట్లె ఏం పెట్టుకున్నవు? చెప్తే గిట్లనే తిప్పకపోదునా?"

ఆయన చేపలవైపే చూస్తున్నాడు.

"పొద్దంత ఒక్కదానివే సస్తుంటివి. మొక్కలకైతే అడిగిన. నాకని ఎట్ల అడగాలె?"