నళినక్క కోయనిచ్చిన కొమ్మలు

అమెరికాలో మా షాంటిలీలో, నళినక్క పెరట్లో వియోనియే అనే తెల్ల ద్రాక్ష తీగ ఉండేది. ఫ్రాన్సులో రోన్ నది పక్క కొండవాలుల్లో ఆ జాతి ఒకప్పుడు అంతరించిపోయే దశకు వచ్చిందట. ఎలాగో బతికి బట్టకట్టి కాలిఫోర్నియాకీ, మా వర్జీనియాకీ పాకింది. వైను చేసేవాళ్లకు బంగారమే గానీ, తొందరపడి చిగురించి మంచుకు మాడిపోతుంది. హైదరాబాదు రాజేంద్రనగర్ వ్యవసాయ కాలేజీలో ద్రాక్ష మీద చదువుకున్న నళినక్క, మంచుకు తట్టుకునే ఒక్క తీగను ఏళ్ల తరబడి ఏరి, అడవి ద్రాక్ష మొదలు మీద అంటుకట్టి పెంచింది. దానికి తన పేరే పెట్టుకోవాలని ఆమె ఆశ. ఎందుకు పెట్టుకోకూడదు?

2009లో గుండె డాక్టరు రామమోహన్‌గారు చూడ్డానికని వచ్చి, ఆ తీగ గుత్తి ఒకటి పట్టుకొని ఫొటో దిగి, తెలుగు సంఘం పత్రికలో ‘నేను కనిపెట్టిన ద్రాక్ష’ అని వేయించుకున్నారు. అక్క పేరు ఎక్కడా లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఊరుకున్నంత ఉత్తమం లేదంటారు గానీ, అక్క ఊరుకున్న తీరు చూసి నాకే భయమేసింది.

ఆ ఏటి నుంచి అంటు కింద పుట్టే పిలకలను తీసేయడం మానేసింది.

“అవి పీకేయాలి కదక్కా?”

“పెరగనీ.”

తర్వాత డాక్టరుగారు లీస్‌బర్గ్ దగ్గర పొలం కొన్నారు. ఆకులు రాలిన ఫిబ్రవరిలో కత్తెరతో అక్క పెరట్లో దిగారు.

“మేడమ్, కొన్ని కటింగ్స్ తీసుకుంటా. స్ప్రింగ్‌లో ప్లాంట్ చేసేద్దాం.”

“మీకు నచ్చినవి కోసుకోండి డాక్టరుగారూ.”

ఆత్రగాడికి బుద్ధి మట్టు. పైనున్న వంకర కొమ్మలు వదిలేసి, కింద నిటారుగా, ఏపుగా ఎదిగినవన్నీ కోసుకున్నారు. అక్క సంచి కూడా ఇచ్చింది. అవన్నీ అంటు కింది పిలకలు, అడవి ద్రాక్షవే. పైగా మగ తీగ. పూస్తుంది, చచ్చినా కాయదు.

మూడో ఏడు తోటంతా విరగపూసింది. డాక్టరుగారు మురిసిపోయి, పిందెలు చూద్దురు రమ్మని సంఘం వాళ్లందరినీ భోజనాలకు పిలిచారు. మేం వెళ్లేసరికి పూతంతా నేలపాలైంది. ఒక్క పిందె లేదు.

జనం ప్లేట్లతో తీగల మధ్య తిరుగుతున్నారు. డాక్టరుగారు అక్క దగ్గరికి వచ్చి గొంతు తగ్గించారు.

“నళినిగారూ, ఇది మీ వెరైటీ కదా. ప్రాబ్లమ్ ఏంటో కాస్త చెప్పండి, ప్లీజ్.”

“ఎవరిదీ? గట్టిగా చెప్పండి, వెనకాల వాళ్లకి వినపడలేదు.”

అందరూ ఇటు తిరిగారు. ఆయన ముఖం కందిపోయింది.

“మీదే.”

నాకు కడుపు నిండిపోయింది. అక్క ప్లేటు పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది.

“నా తీగ మా పెరట్లోనే ఉంది డాక్టరుగారూ. మీరు దాన్ని కోయనే లేదు.”