చెంప మీద సున్నం

ప్రవళికకు అబద్ధం చెప్పడం చేతకాదు. మిర్యాలగూడలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పే మనిషి. ఉన్నది ఉన్నట్టు చెబితే ఎవరికీ చెడు జరగదని నమ్మింది. ఆ నమ్మకం ఆమె కూతురి ముఖం మీదికి వచ్చింది.

ఎండాకాలంలో హన్సిక ఎడమ చెంప మీద మూడు పొక్కులు లేచాయి. ముత్యాల్లా నున్నగా ఉన్నాయి, ఒక్కోదాని నడుమ సూదితో గుచ్చినట్టు చిన్న గుంట. నొప్పి లేదు, జ్వరం లేదు. అయినా ప్రవళికకు మనసు నిలవక బిడ్డను సూర్యాపేటలో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆయన ఇది మొలస్కమ్ అనే వైరస్ అన్నాడు. చర్మం పై పొరలోనే ఉంటుంది, లోపలికి పోదు. ముట్టుకుంటే, ఒకరి తువ్వాలు ఒకరు వాడితే అంటుకుంటుంది. గోకనివ్వొద్దు, గిల్లొద్దు, తువ్వాలు వేరుగా పెట్టాలి. బడికి పోవచ్చు, ఆడుకోవచ్చు. కొన్ని నెలలకు, ఒక్కోసారి ఏడాది దాటాక, దానంతటదే పోతుంది, మామూలుగా మచ్చ కూడా పడదు. మందు రాయకుండానే పంపించాడు.

ఇంటికి రాగానే ప్రవళిక ఇంటి ఓనరు పుష్పలతకు అంతా విడమరిచి చెప్పింది. పుష్పలత కొడుకు రాహుల్, హన్సిక, పక్క పోర్షన్ పిల్లలు వాకిట్లోని నీళ్ల హౌజులో దిగి ఆడేవాళ్లు. దండెం మీద అందరికీ ఒకటే తువ్వాలు. వాళ్లకు రావొద్దనే ఆమె తాపత్రయం. వేడి పొక్కులని చెప్పి ఉంటే అక్కడితో అయిపోయేది. ఆమె వైరస్ అంది.

మరునాడే హౌజు మీద రేకు మూత పడింది. బడి ఆటోలో హన్సికను డ్రైవరు పక్కకు మార్చారు. తండా నుంచి పట్టుకొచ్చిందన్న మాట ప్రవళిక చెవిన పడేటట్టే అన్నారు. నేరేడుచర్ల దగ్గరి తమ తండాకు వాళ్లు ఆ ఏడు పోనేలేదు.

పిల్లలు దాన్ని ఆట చేసుకున్నారు. హన్సిక వైరస్. ఆమె తరమాలి, మిగతావాళ్లు ఉరకాలి. మళ్లీ ఆటలోకి రానిచ్చారని ఆ పిల్ల మురిసిపోయి, చేతులు చాపి నవ్వుతూ వెంటపడింది. గోడ మూలకు చిక్కిన రాహుల్ ఇటుకపెళ్ల విసిరాడు. మోకాలు పగిలి ఇంట్లోకి వచ్చిన హన్సిక, అది కూడా ఆటనే కదమ్మా అని అడిగింది.

అదే సాయంత్రం పుష్పలత గుమ్మంలోకి వచ్చింది.

"సూడు ప్రవళికా, నీ సదువు నీకుండనీ. ఆ పొక్కులు పొయ్యేదాకా పోరిని వాకిట్ల తిప్పకు. లేదంటే ఇల్లు ఖాళీ చెయ్యున్రి."

ప్రవళిక భర్త రవీందర్ రైస్‌మిల్లులో పనిచేస్తాడు. కోదాడలో ఒకాయన పులిపిర్లు రాలగొడతాడని మిల్లులో హమాలీలు చెప్పారట. డాక్టరు చెప్పిన నెలలు ఆ ఇంట్లో గడిచేవి కావు. ముగ్గురూ కోదాడ బస్సెక్కారు.

ఆ మనిషి వరండాలో కూర్చుని సున్నం, బట్టల సోడా నీటిచుక్కతో కలిపాడు. ఆ రెండూ కలిస్తే కాస్టిక్ సోడా పుడుతుందని ప్రవళిక ఏటా బోర్డు మీద రాసి చూపిస్తుంది. చర్మాన్ని ఏం చేస్తుందో కూడా చెబుతుంది.

"ఏం కాదమ్మా, కాసేపు మంట పుడుతుందంతే," అన్నాడాయన ఆ ముద్దను అగ్గిపుల్లతో తీస్తూ. "చేతులు మాత్రం గట్టిగా పట్టుకోండి."

పట్టుకుంది. హన్సిక మొదట ఆ మనిషిని తిట్టింది, తర్వాత తండ్రిని పిలిచింది. చివరికి తల్లినే బతిమాలింది.

"ఆడుకోనమ్మా. ఇగ బయటికి పోనమ్మా."

పొక్కులు నల్లబడి రాలాయి. వాటి చోట మూడు గుంటలు మిగిలాయి. వానలు పడేనాటికి మెడ కింద కొత్తవి లేచాయి. వైరస్ అప్పటికే అక్కడికి పాకి ఉంది. ప్రవళిక కాలరున్న గౌను తొడిగి, పూర్తిగా తగ్గిందని చెప్పింది. ఆ అబద్ధాన్ని అందరూ నమ్మారు. హన్సిక మళ్లీ వాకిట్లోకి పోయింది.

దసరా ముందు రాహుల్ గదవ మీద, పెదవి కింద, అవే పొక్కులు. వేడి చేసిందని పుష్పలత సబ్జా నీళ్లు తాగించింది. వాడిని చూసి ఏ పిల్లా ఉరకలేదు. ఎంతకీ తగ్గకపోయేసరికి కోదాడ ఆయన అడ్రసు అడగడానికి వచ్చింది.

"ఏం పెట్టకక్కా," అంది ప్రవళిక. "గోకనియ్యకు, తువ్వాల వేరే పెట్టు. లేటైతది గని దానంతటదే పోతది. ఇగో, దీని ముఖం సూడు."

పుష్పలత చూసింది. "నీ బిడ్డవి పోగొట్టుకున్నవ్. నా కొడుక్కు చెప్పనీకే మనసొస్తలేదా?"

అడ్రసు రవీందర్‌ను అడిగి తీసుకుంది.

తెల్లారి రాహుల్ కొత్త చొక్కా వేసుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. హన్సిక వాడి పక్కకు పోయింది.

"మీ అమ్మ నీ చేతులు పట్టుకుంటది," అంది. "ఇడిపించుకోనీకి రాదు. మా అమ్మ ఇడవలే."

రాహుల్ గేటు ఊచలు పట్టుకుని మొత్తుకున్నాడు. ఎంత గుంజినా కదల్లేదు. కోదాడ ప్రయాణం అట్లా తప్పింది. చలికాలం పోయేసరికి వాడి గదవ మచ్చ లేకుండా నున్నగా అయింది.

కొడుకును జడిపించిందని పుష్పలత ఆ పిల్లను మళ్లీ వాకిట్లోకి రానివ్వలేదు. హన్సిక కిటికీలోంచి ఆట చూసేది. ప్రవళిక దగ్గరికి పోతే రెండు చేతులూ వీపు వెనక దాచుకునేది.