ఇండియా ఎదుట రాసిన అంకె

కాలేజీ రోజుల్లో నేను ఇనుప గుండు విసిరేదాన్ని. ఈ మాట ఇప్పుడు చెబితే మా ఆఫీసులో వాళ్ళు నమ్మరు. మీరు విసిరేది మాటలేననుకున్నాం అంటారు. మాటలు తర్వాత వచ్చాయి. ముందు గుండే. నాలుగు కిలోల ఇనుము మెడ కింద ఆనించుకుని, గిర్రున తిరిగి, భుజం బలమంతా పెట్టి తోసేదాన్ని. అది పోయి నేలలో దిగబడినప్పుడు వచ్చే ఆ మొద్దు చప్పుడంటే నాకు వీణ కంటే ఇష్టం. వీణ నేర్చుకొమ్మన్నవాళ్ళు చాలామందే ఉండేవారు లెండి.

అరవైల చివర సంగతి. నేను విజయనగరంలో హాస్టల్లో ఉండి బి.ఏ. చదువుతున్నాను. మాది నరసన్నపేట. మా నాన్న వరి పండించే రైతు, కానీ ఊళ్ళో ఆయన్ని రైతని ఎవరూ అనలేదు, వస్తాదనే పిలిచేవారు. కుర్రతనంలో విజయనగరం వెళ్ళి కుస్తీ నేర్చుకుని వచ్చి, మా కళ్ళం పక్కన తాటాకు పాకలో తాలింఖానా పెట్టాడు. మధ్యలో మెత్తటి మట్టి పోసిన గోదా, ఒక మూల భుజాల మీదుగా తిప్పే బరువైన కర్ర కరేలాలు, తూర్పుగోడకి హనుమంతుడి పటం. ఆడవాళ్ళు ఆ గడప దాటకూడదు. హనుమంతుడు బ్రహ్మచారి అట. ఆయనకి లేని బెంగ మావాళ్ళకి ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ పటం పక్కన సున్నం కొట్టిన గోడమీద మా నాన్న బొగ్గుతో ఒక పట్టీ రాసేవాడు. అందరికంటే పైన అందరినీ పడగొట్టినవాడి పేరు. దాని కింద అతని చేతిలో పడ్డవాడు. వాడి కింద వాడి చేతిలో పడ్డవాడు. ప్రతి పేరు ఎదుటా ఒక అంకె, అతను ఎన్ని కుస్తీలు గెలిచాడో ఆ లెక్క. ఊరంతా ఆ గోడని నమ్మేది. ఇద్దరు కుర్రాళ్ళు బజార్లో ఎవడు గొప్ప అని తగువు పడితే, ఎల్లి గోడ సూసుకోండిరా అని పంపేసేవారు.

పట్టీలో పైకి ఎక్కడానికి ఇంకో దారి కూడా ఉండేది. పైఊరి వస్తాదు ఎవరైనా వస్తే, మా నాన్న తన శిష్యుల్లో ఒక లేతవాణ్ణి అతని మీదికి దింపేవాడు. పటం ముందు ఒక కర్పూరం బిళ్ళ వెలిగించేవారు. అది ఆరేలోగా కుర్రవాడి వీపు మట్టికి తగలకపోతే చాలు, గెలిచినా గెలవకపోయినా వాడి పేరు ఒక మెట్టు పైకి పోయేది. "పెద్దోడి సేతిలో నిలబడినోడు పడినట్టు కాదు" అనేవాడు మా నాన్న. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకున్నాను కాబట్టే గట్టెక్కాను.

ఆ ఏడాది కాలేజీకి సెలవులిచ్చినప్పుడు మా ఆటల మేడమ్ నా చేతిలో ఒక కాగితం పెట్టింది. వాల్తేరులో యూనివర్సిటీ జట్టుకి ఎంపిక. అక్కడ గెలిచినవాళ్ళని దేశంలోని యూనివర్సిటీలన్నీ కలిసే పోటీలకి పంపుతారు. కిందన తండ్రి సంతకం కావాలి. అది లేకపోతే బస్సు కూడా ఎక్కనివ్వనని ఆవిడ ఖచ్చితంగా చెప్పేసింది. ఆ ఏడే నాకు ఆఖరి ఏడాది. అప్పుడు వెళ్ళకపోతే ఇక ఎప్పటికీ లేదు.

కాగితం చూసి మా నాన్న అడిగిన మొదటి మాట ఇది. "దీన్లో ఎదటి మనిషేడీ? ఎవుల్ని పడగొడతావు?"

ఎవరినీ పడగొట్టేది ఉండదు, గుండు ఎంత దూరం పోయిందో కొలుస్తారు అని చెప్పాను. ఆయనకి అది ఆటలా తోచలేదు. ఎదుట మనిషి లేకుండా బలం చూపించడం గోడని గుద్దినట్టుంటుందన్నాడు. నేను ఊరుకోలేదు. ఊరుకునే అలవాటు అప్పుడూ లేదు. సరిగ్గా ఆ వారమే పరదేశంలో ప్రపంచంలోని యూనివర్సిటీల పిల్లలందరికీ పోటీలు జరుగుతున్నాయని, మన దేశం నుంచి కూడా జట్టు వెళ్ళిందని, ఆడపిల్లలు కూడా గుండు విసురుతారని గుక్కతిప్పుకోకుండా చెప్పాను. అక్కడితో ఆపితే బాగుండేది. మనవాళ్ళు గెలుచుకొస్తారు చూడు అని కూడా అనేశాను.

మా నాన్న మీసం కింద నవ్వుకున్నాడు. "అలాగా. అయితే మనోళ్ళు ఏదైనా గెలిస్తే సంతకం ఎడతాను. నేదంటే ఆ గుండు మీ అమ్మకిచ్చీ, పప్పు రుబ్బుకుంటాది."

ఇక చూసుకోండి నా అవస్థ. రేడియోలో ఆ పోటీల మాట వస్తే వచ్చేది, లేకపోతే లేదు. ఇంగ్లీషు పేపరు మద్రాసు నుంచి రైల్లో వచ్చి, ఆమదాలవలసలో దిగి, బస్సెక్కి, మర్నాడు మధ్యాహ్నానికి మా ఊరి గ్రంథాలయం చేరేది. నేను అక్కడికి వెళ్తే బెంచీమీద మగవాళ్ళంతా లేచి నిలబడేవారు, గౌరవంతో అనుకునేరు, ఆడపిల్ల పేపరు పట్టుకుంటే ఎక్కడ చూడాలో తెలియక. అందుకని అత్త కొడుకుని బతిమాలేదాన్ని. బావ మా నాన్న శిష్యుడు, పట్టీలో మూడో పేరు. వాడు వెళ్ళి సినిమా ప్రకటనలు చదువుకుని వచ్చి, ఏమీ లేదే అనేవాడు.

నాలుగో రోజు మా నాన్నే వెళ్ళాడు. ఆయనకి ఇంగ్లీషు పెద్దక్షరాలు వచ్చు, నౌపడ నుంచి విజయనగరం దాకా రైలు స్టేషన్ల బోర్డులు చూసి నేర్చుకున్నవి. తిరిగి వస్తున్నప్పుడు వీధి మొదట్లోనే ఆయన నడక తెలిసిపోయింది. కుస్తీ గెలిచిన రోజు మాత్రమే అలా నడిచేవాడు. కండువా భుజం మీద నుంచి జారుతున్నా పట్టించుకోలేదు.

"మనోళ్ళు జపానోళ్ళని కింద ఎట్టినారు," అన్నాడు. "పట్టీ ఏసినాడు పేపర్లో. మన ఇండియా పైన, జపాన్ కింద. మన పేరెదట ఇరవై సిల్లర అంకె ఉన్నాది."

ఇరవై పైచిలుకు విజయాలు. నేనే నమ్మలేకపోయాను, కానీ నమ్మాలని ఎంత ఆశగా ఉందంటే అడ్డు ప్రశ్న వెయ్యలేదు. నా జీవితంలో అడ్డు ప్రశ్న వెయ్యని సందర్భాలు రెండో మూడో ఉంటాయి, అందులో ఇది ఒకటి. ఆయన వెంటనే పాకలోకి వెళ్ళి గోడమీద, అందరి పేర్లకీ పైన, బొగ్గుతో ఇండియా అని రాసి ఎదుట ఆ అంకె వేశాడట. శిష్యులందరికీ నానబెట్టిన శనగలూ బెల్లమూ పంచాడు. ఇంటికొచ్చి నా కాగితం అడిగి తీసుకుని, అరుగు మీద కూర్చుని, పొలం కాగితాల మీద పెట్టినంత శ్రద్ధగా సంతకం పెట్టాడు.

బావ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. "ఇంకేటే మరదలు పిల్లా, గుండు సంకనెట్టుకుని రైలెక్కీ. టీసీ వచ్చి సంటిపిల్లకి టిక్కెట్టేదీ అంటాడు."

మర్నాడు ధైర్యంగా గ్రంథాలయానికి వెళ్ళాను. గెలిచినవాళ్ళ పేర్లు రాసుకుని హాస్టల్లో చదివి వినిపించాలని. బెంచీమీద వాళ్ళు లేచారు. లేస్తే లేవనీ అని కూర్చున్నాను. ముందురోజు పేపరు తీసి ఆ పట్టీ చూశాను.

అది గెలిచిన దేశాల పట్టీ కాదు. పోటీలు ముగిశాయన్న వార్త పక్కన వేసిన, వచ్చిన దేశాల పట్టీ. ఇంగ్లీషు అక్షరాల వరసలో వేశారు. ఐ తర్వాత జె వస్తుంది కాబట్టి ఇండియా కింద జపాన్. ఎదుట ఉన్న అంకె ఏ దేశం నుంచి ఎంతమంది వచ్చారో ఆ సంఖ్య.

మా నాన్నని చూసి నవ్వకండి. పైనున్నవాడు పడగొట్టినవాడు, కిందున్నవాడు పడ్డవాడు, ఎదుట అంకె గెలుపుల లెక్క. ముప్ఫై ఏళ్ళు స్వయంగా అలాంటి పట్టీ రాసిన మనిషి పేపర్లో పట్టీని ఇంకెలా చదువుతాడు?

ఆ వారం పేపర్లన్నీ దింపించుకుని, చీమల బారులాంటి అక్షరాల్లో మనవాళ్ళ ఫలితాలు వెతికాను. పతకం ఒక్కటీ లేదు. దొరికినదంతా నోటు పుస్తకంలో రాసుకుని ఇంటికి వచ్చాను.

అమ్మకి చెప్పాను. ఆవిడ చేట కింద పెట్టి, వీధి గుమ్మం వైపు చూసి, గొంతు తగ్గించింది. "ఒసే, సంతకం సేతిలో పడ్డాది కదా. నోరు మూసుకుని బస్సెక్కీ. మీ నాన్నకి ఎవులు సెప్తారు?"

ఎవరో ఒకరు చెప్తారు. హైస్కూలు ఇంగ్లీషు మేష్టారు ఆదివారం ఆదివారం కుస్తీలు చూడటానికి వచ్చేవాడు. గోడమీద ఆ అంకె చూశాడంటే సోమవారానికల్లా పేటంతా నవ్వులే. ముప్ఫై ఏళ్ళు ఊరు నమ్మిన గోడ. ఇదంతా ఆలోచించాను. ఆ రాత్రి అన్నం సయించలేదని రాస్తే అందంగా ఉంటుంది గానీ అబద్ధం, బాగానే తిన్నాను. ఇంకా నిజం చెప్పాలంటే మా నాన్న పరువు కంటే కూడా, తప్పు రాసి ఉన్న గోడ ఒకటి మా కళ్ళంలో ఉందన్న సంగతే నన్ను కూర్చోనివ్వలేదు. అది మంచితనం కాదు. నా రోగం.

తెల్లారి దండీలు బస్కీలు అయిపోయే వేళకి వెళ్ళి పాక గడప బయట నిలబడ్డాను. ఒక చేతిలో సంతకం కాగితం, ఇంకో చేతిలో నోటు పుస్తకం. లోపల పదిమంది దాకా ఉన్నారు.

"నాన్నా, గోడమీద అంకె సెరిపియ్యి. అది గెలిసినోళ్ళ పట్టీ కాదు. వచ్చినోళ్ళ పట్టీ," అన్నాను. ఇంట్లో నా భాష కూడా అదే.

అక్షరాల వరస సంగతి చెప్పాను. అంకె సంగతి చెప్పాను. బావ ఫక్కుమన్నాడు. మా నాన్న వాడి వైపు తిరిగాడు, అంతే, వాడు కరేలా తిప్పడం మొదలుపెట్టాడు. మా నాన్న మెడ దాకా ఎర్రబడటం నేను చూశాను. ఆయన ఎవరి చేతిలోనూ వీపు ఆన్చని మనిషి. కన్నకూతురు అందరి ముందూ ఆన్చింది.

నా వైపు తిరిగి అడిగాడు. "మరి మనోళ్ళు ఏటి సేసినారు?"

పుస్తకం తెరిచి చదివాను. వాలీబాల్లో మన జట్టు ఓడిపోయింది, కానీ చివరికి ఛాంపియన్లైన జట్టు మీద ఒక సెట్టు గెలిచింది. ఆ ఛాంపియన్లు పోటీలన్నిటిలో పోగొట్టుకున్నది ఆ ఒక్క సెట్టే. ఒక కుర్రవాడు పరుగులో ఆఖరి ఎనిమిదిమందిలోకి వెళ్ళి ఎనిమిదోవాడుగా వచ్చాడు.

"ఆ ఎనమండుగురూ ఎందర్లోంచి మిగిలినోళ్ళు?"

నలభైమందికి పైనే, అన్నాను. ఇంకొకడు అడ్డుకర్రలు దూకే పరుగులో కాలు తగిలి పడిపోయాడని చదివాను.

"పడ్డాడా," అన్నాడు మా నాన్న. పడటం ఆయనకి అర్థమయ్యే మాట.

"పడి, లెగిసి, మిగిలిన కర్రలన్నీ దూకి, గీత దాటినాడు. అందరికంటే ఎనకాల."

"మా గోదాలో పడ్డోడు దులుపుకుని ఇంటికెల్లిపోతాడు. ఈడు మళ్ళీ దూకినాడా?" ఆయన నన్ను అడగడం లేదు, గోడని అడుగుతున్నట్టున్నాడు.

అప్పుడన్నాను, నాకింకా గుర్తుంది. "నాన్నా, కర్పూరం ఆరేదాకా నిలబడినోడి పేరు నువ్వు పైన రాస్తావా, కిందనా?"

బావ కరేలా దింపేశాడు. మా నాన్న నీళ్ళ కుండలో చెయ్యి ముంచి, తడి అరచేత్తో ఆ అంకెని తుడిచాడు. ఒక్క అంకెనే. ఇండియా అన్న పేరు అందరి పేర్లకీ పైన అలాగే ఉంచాడు. తర్వాత గడప దగ్గరికి వచ్చి చెయ్యి చాచాడు. కాగితం ఇచ్చాను. చింపేస్తాడనుకున్నాను. చింపినా నోరెత్తకూడదని నిశ్చయించుకున్నాను కూడా, ఎంతసేపు నిలబడేదో ఆ నిశ్చయం.

"ఇది తప్పు లెక్క మీద ఎట్టిన సంతకం. సెల్లదు," అని, కలం తెప్పించుకుని, దాని కిందనే ఇంకో సంతకం పెట్టాడు.

మా ఆటల మేడమ్ ఆ కాగితం చూసి, ఒక తండ్రికి రెండు సంతకాలేమిటి అంది. పెద్ద కథ, బస్సులో చెప్తానన్నాను. వాల్తేరు చేరేదాకా చెప్పాను.

అక్కడ నాకు అయిదో స్థానం వచ్చింది. జట్టుకి తీసుకున్నది ఇద్దరినే. నా జీవితంలో గుండు అంత దూరం అంతకు ముందు పోలేదు, తర్వాతా పోలేదు. మళ్ళీ ఇంటికి వెళ్ళినప్పుడు మా నాన్న గెలిచావా అని అడగలేదు. అయిదోదాన్ని అంటే, ఎందర్లో అని అడిగాడు. పద్దెనిమిదిమందిలో అని చెప్పాను. తలాడించి కళ్ళం వైపు వెళ్ళిపోయాడు.

ఆదివారం బావ వచ్చి, ఎల్లి గోడ సూసుకో అన్నాడు. గడప బయట నిలబడి తొంగిచూశాను. ఇండియా కింద, బావ పేరుకి పైన, అప్పటిదాకా ఏ ఆడదాని పేరూ ఎక్కని ఆ గోడమీద, నా పేరు ఉంది. ఎదుట, పదిహేడుమందిలో అయిదు, అని రాసి ఉంది.

కళ్ళు తుడుచుకుని మా నాన్నని పిలిచాను. పద్దెనిమిది మంది అని సెప్పినాను కదా, సరిగ్గా రాయి అన్నాను. ఆయన కుండలో చెయ్యి ముంచాడు.