గోడ మీద దేవకృప పేరు

మా క్లినిక్కుకి దేవకృప వచ్చిన రోజున ఆమెను ఎక్కడ కూర్చోబెట్టాలో ఎవరికీ తెలియలేదు. డాక్టరుకి గది ఉంది, నర్సుకి ఇంజెక్షన్ల గది ఉంది, చీటీలు రాసే నాకు గుమ్మం పక్కన బల్ల ఉంది. మందుల చదువు చదివిన మనిషి కింద మందుల షాపులో ఉండాలి గానీ, పైన పేషెంట్ల మధ్య ఆమెకేం పని అని నేనూ అనుకున్నాను. చివరికి తనే ఓ పాత బల్ల వెతుక్కుని, బరువు చూసే మిషను పక్కన వేయించుకుని కూర్చుంది.

అది రెండువేల మూడు. ఈస్ట్ మారేడ్‌పల్లిలో మేడ మీద డాక్టర్ రామభద్రరావు గారి క్లినిక్కు, కింద ఆయన బావమరిది నరహరి మెడికల్ షాపు. దేవకృప వాళ్లది తెనాలి వైపు. నాన్న రైల్వేలో చేసి ఇక్కడే చిలకలగూడలో స్థిరపడ్డాడు. మా చర్చి మనుషులే కాబట్టి నన్ను మార్తక్కా అనేది. బి.ఫార్మసీ ఇక్కడ చదివి, ఆ తర్వాత మైసూరు వెళ్లి, ఆసుపత్రి వార్డుల్లో డాక్టర్ల వెంట తిరుగుతూ నేర్చుకునే పెద్ద చదువు చదివింది. క్లినికల్ ఫార్మసిస్టు అని కాగితం మీద రాసిచ్చి మరీ తీసుకున్నారు డాక్టరు గారు.

"ఆ మాటకి అర్థమేంటి కృపా?" అని అడిగాను.

"డాక్టరు గారు రోగం చూస్తారక్కా. ఆ మనిషి మింగేవన్నీ నేను చూస్తాను. ఈయన రాసినవి, ఇంకో డాక్టరు రాసినవి, పక్కింటావిడ మంచిదని చెప్పి ఇచ్చినవి, అన్నీ."

నాకప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు. దేవసహాయం గారు వచ్చాక అర్థమైంది. ఆయన సైనిక్‌పురిలో ఉండే రిటైర్డు సుబేదారు. కూర్చున్నవాడు లేస్తే చాలు, కళ్లు తిరిగి పడిపోతున్నాడు. వ్యవహారం మెదడు స్కానింగు దాకా వెళ్లింది. ఇంట్లో ఉన్న మందులన్నీ తెమ్మంది దేవకృప. ఆయన ఓ క్యారీబ్యాగు తెచ్చి బల్ల మీద గుమ్మరించాడు. మిలటరీ వాళ్లిచ్చిన బీపీ మాత్ర ఒకటి, మా డాక్టరు రాసింది ఒకటి. రంగులు వేరు, పేర్లు వేరు, లోపలి మందు ఒక్కటే. పెద్దాయన పాపం రెండూ క్రమం తప్పకుండా వేసుకుంటున్నాడు.

డాక్టరు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ఆయన నాకు చెప్పలేదే," అన్నారు.

"మీరు అడగలేదని ఆయనంటున్నారండీ," అంది దేవకృప.

డాక్టరు గారు నవ్వేసి చీటీలోంచి ఒక మాత్ర కొట్టేశారు. దేవసహాయం గారు మళ్లీ పడలేదు. అప్పట్నుంచి నాలుగైదు రకాల మందులు వాడేవాళ్లెవరొచ్చినా, "ముందు ఆ అమ్మాయి దగ్గర కూర్చుని రండి," అని డాక్టరు గారే పంపేవారు. అంతవరకూ ఆయన మంచివాడే. కాదని నేననను.

ఆమె చేరిన కొత్తలోనే నరహరి పైకొచ్చాడు.

"మేడమ్, మీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టు జెర కావాలె. షాపు లైసెన్సు మీద ఫార్మసిస్టు పేరుండాలంటరు. మీరెట్లాగూ ఈ బిల్డింగులనే ఉంటరు కదా."

దేవకృప వెంటనే ఇవ్వలేదు. ఒక షరతు పెట్టింది. చీటీ లేకుండా వచ్చినవాళ్లకి మాత్ర ఇవ్వాలంటే ముందు తన దగ్గరికి పంపాలి, తను లేని వేళ అసలు ఇవ్వకూడదు. డాక్టరు గారి ఎదుటే నరహరి "గట్లనే మేడమ్" అన్నాడు. మర్నాటికి ఆ కాగితానికి ఫ్రేము కట్టించి ఫ్రిజ్జు పైన, వేంకటేశ్వర స్వామి పటం పక్కన తగిలించాడు. దాని మీద దేవకృప ఫోటో, కౌంటరు ముందు నిలబడ్డ ఎవరికైనా కనబడేది.

బొల్లారం నుంచి జాన్ బీ అనే పెద్దావిడ వచ్చేది. గుండెకి ఆపరేషను చేసి వాల్వు మార్చారు. రక్తం గడ్డకట్టకుండా ఒక మాత్ర బతికినన్నాళ్లూ వేసుకోవాలి. తగ్గితే గడ్డ కడుతుంది, ఎక్కువైతే రక్తం కారుతుంది. దేవకృప ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేది.

"నొప్పి మాత్ర ఏదైనా దీంతో కలిసిందంటే కడుపులో రక్తం పోతుందమ్మా. మోకాలు నొప్పొచ్చినా పన్ను నొప్పొచ్చినా, నన్నడక్కుండా ఏదీ మింగకండి."

"నిన్నడగకుండ నీళ్లు సుత తాగ బిడ్డా," అనేది జాన్ బీ.

ఆ వానాకాలంలో ఆమెకి మోకాళ్లు పట్టేశాయి. కొడుకు ఇమామ్‌కి ఆటో ఉంది. ఓ సాయంత్రం అదే ఆటోలో వచ్చింది. అప్పటికే క్లినిక్కు మూసి మేమంతా ఇళ్లకి వెళ్లిపోయాం. షాపు తెరిచే ఉంది. మోకాళ్లంటే నరహరి ఓ గట్టి నొప్పి మాత్రల స్ట్రిప్పు తీసిచ్చాడు. వారం తిరక్కుండానే ఇమామ్ పరుగెత్తుకుంటూ మెట్లెక్కి వచ్చాడు.

"మేడమ్, అమ్మకు నల్లగ విరేచనాలైతున్నయి. పొద్దుగాల పడిపోయింది. దవాఖానల షరీక్ చేసిన." జేబులోంచి ఖాళీ స్ట్రిప్పు తీసి చూపించాడు.

దేవకృప ఒక్క చూపు చూసి చెప్పులేసుకుంది. ఆమెను చేర్పించిన ఆసుపత్రికి నేనూ వెంట వెళ్లాను. వార్డులో జాన్ బీ ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది, చేతికి రక్తం ఎక్కుతోంది. ఆమె తీసుకున్న మందులన్నిటి పేర్లూ దేవకృప అక్కడి డాక్టరుకి చెప్పి, మంచం దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఎందుకు మింగారమ్మా? నన్నడగమన్నాను కదా."

"అడిగినట్లే కద బిడ్డా," అంది జాన్ బీ, మాట పైకి రావడం లేదు. "నువ్వు లేకుంటివి. నీ ఫోటో ఉండె గోడ మీద. నీ దుకాణమే అనుకున్న. నీ దుకాణంల నాకు పడని గోలీ ఎందుకిస్తరు?"

మర్నాడు క్లినిక్కు కిటకిటలాడే వేళ దేవకృప నేరుగా కింద షాపులోకి వెళ్లింది. నేను మెట్ల మీద నిలబడ్డాను.

"ఆమె అడిగింది, ఇచ్చిన," అన్నాడు నరహరి. "గుండె ఆపరేషనైందని నాకు చెప్పిందా?"

"మీరు అడిగారా?"

"గిరాకీని గవన్నీ అడుగుకుంట కూసుంటే దుకాణం నడుస్తదా మేడమ్?"

"అడుగుతారనే కదండీ నా పేరు అక్కడ పెట్టనిచ్చింది."

"పేరు లైసెన్సుకు. అడగనీకి కాదు."

ఆ మాట అనేటప్పుడు అతని ముఖంలో సిగ్గన్నది ఇసుమంతైనా లేదు. ఇన్నేళ్లయినా తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది. ఇతనికి గిరాకీ గొడవ.

డాక్టరు గారు దిగొచ్చారు. "మెల్లగా మాట్లాడమ్మా, పేషెంట్లు వింటున్నారు."

"వినాలనే మాట్లాడుతున్నానండీ."

ఆమెను పైకి పిలుచుకెళ్లారు. గది తలుపు వేసుకున్నా మాటలు నా బల్ల దగ్గరికి వినబడుతూనే ఉన్నాయి.

"నరహరిది తప్పే. కానీ ఊళ్లో ఏ షాపు చూసినా ఇంతేనమ్మా. ఇంటి మనిషి, నేను నిదానంగా చెప్తాను. నువ్వు నీ పని చూసుకో."

"ఇదే నా పనండీ. ఒక్క మాట చెప్పండి. నన్ను దేనికి తీసుకున్నారు, పైన బల్లకా, కింద గోడకా?"

"రెండిటికీ," అన్నారు డాక్టరు గారు.

దేవకృప బయటికొచ్చి, నా దగ్గరున్న స్టూలు తీసుకుని మళ్లీ కిందికెళ్లింది. దానిమీదెక్కి ఫ్రేము అందుకుంటుంటే నరహరి అడ్డమొచ్చాడు.

"అది తీస్తే షాపు బంద్ పెట్టాల్సొస్తది మేడమ్."

"అందుకే తీస్తున్నాను. జరగండి."

కౌంటరు ముందున్న జనమంతా చూస్తున్నారు. అతను జరిగాడు.

అక్కణ్ణించి ఆమె మందుల తనిఖీ ఆఫీసుకెళ్లి జరిగిందంతా రాసిచ్చింది. అందులో తన పేరు కూడా పెట్టింది. నువ్వెందుకు ఇరుక్కుంటావని నేను మందలించాను. "ఆవిడ నమ్మింది నా పేరునేగా అక్కా," అంది. ఇన్‌స్పెక్టరు వచ్చి షాపు మూయించాడు. నరహరి ఆమెనూ కోర్టుకీడుస్తానని బెదిరించాడు గానీ ఈడ్వలేదు. మూసిన షాపు పట్టుమని నెలైనా మూసి లేదు. ఫ్రిజ్జు పైన కొత్త ఫ్రేమొకటి వెలిసింది, ఎవరో కరీంనగర్ మనిషిది. ఆ మనిషిని నేను అక్కడ పనిచేసినంత కాలం ఒక్కసారి కూడా చూడలేదు. రూలుకి ఫోటో ఉంటే చాలు, ఫోటోలోని మనిషి ఉండక్కర్లేదు. ఇదెక్కడి న్యాయమో ఎవరైనా చెబితే వింటాను.

దేవకృపకి మంచి అవకాశం వచ్చి వెళ్లిపోయిందని డాక్టరు గారు పేషెంట్లకి చెప్పేవారు. క్యారీబ్యాగులు పట్టుకుని ఆమె కోసం వచ్చినవాళ్లకి, అవకాశమూ లేదు ఏమీ లేదు, వెళ్లగొట్టారని నేను చెప్పేదాన్ని. అలా చెప్తున్నానని తెలిసి నన్నూ ఉద్యోగం మానుకోమన్నారు. సరేనని మానేశాను.

జాన్ బీ బతికింది. బతికిందిగా, ఇంకేంటన్నవాళ్లూ ఉన్నారు. మంచం దిగి వీధి నల్లా దాకా నడవడానికి ఆమెకి ఆరు నెలలు పట్టింది. అది ఆ మాట అన్నవాళ్లు చూడలేదు.

దేవకృప కొన్నాళ్లు ఓ ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెప్పింది. తర్వాత బొల్లారంలో విజయమ్మ అనే డాక్టరమ్మ తన క్లినిక్కులోకి పిలిచింది. ఆవిడకి మెడికల్ షాపు లేదు, పెట్టే ఉద్దేశమూ లేదు. ఇమామ్ తల్లిని అక్కడికే తీసుకొచ్చేవాడు.

ఓసారి చూడ్డానికి వెళ్తే దేవకృప ఫోను పట్టుకుని ఉంది. ఓ పెద్దాసుపత్రి స్పెషలిస్టు ఒక కిడ్నీ పేషెంటుకి రాసిన మోతాదు ఎక్కువైందట. "ఇంతకీ నువ్వెవరమ్మా?" అని ఆయన గొంతు నాకూ వినబడింది. "ఫార్మసిస్టునండీ," అనగానే పెట్టేశాడు. ఆమె మళ్లీ చేసింది. మళ్లీ పెట్టేశాడు. నాకు రక్తం మరిగింది, ఆమె మాత్రం ముఖం ఎర్రగా చేసుకుని మూడోసారి నంబరు నొక్కింది. ఈసారి ఆయన చివరిదాకా విని, మోతాదు సగానికి తగ్గించమని చెప్పాడు. దేవకృప ఫోను పెట్టేసి, బయట బెంచీ మీద కూర్చున్న పేషెంటుని లోపలికి పిలిచింది.