పాత ప్రోగ్రామ్ పక్షం

కంప్యూటర్ మిషన్ల గదిలో అందరూ ఏసీ చలికి ముడుచుకుంటే, ఇంజనీరమ్మ మాత్రం స్వెట్టర్ చేతులు మోచేతులపైకి లాక్కుని కూర్చుంటుంది. పాతది పారేద్దామంటే ఒంటికాలి మీద లేస్తుంది. వరద అంచనా వేసే ప్రోగ్రామ్ కొత్త కంప్యూటర్ల మీద మొరాయించింది. ప్రాసెసర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి వాడుకునే లైబ్రరీ, అంటే రెడీమేడ్ ఆదేశాల మూట, ఈ కొత్తవాటిలో వేరే కంపెనీది. ఆదేశాల పేర్లు అవే, వాటి వెనకుండే అంకెలే వేరు. కొత్తవాటికి తగ్గట్టు మళ్ళీ కంపైల్ చేద్దామంటే, ప్రోగ్రామ్ రాసుకున్న అసలు సోర్స్ కోడ్ ఎప్పుడో పోయింది.

“వదిలెయ్యమ్మా, కొత్తది రాయిద్దాం,” అన్నాడు పై అధికారి. “అందాకా వానలు ఆగుతాయా సార్?” అంది తల తిప్పకుండానే. పాత ప్రోగ్రామ్‌కీ కొత్త లైబ్రరీకీ మధ్య, ఆ అంకెల్ని మార్చి చెప్పే దుబాసీలా చిన్న ప్రోగ్రామ్ పొర రాసి కూర్చోబెట్టింది. పాతదాంట్లో ఒక్క బైటు మారలేదు. తెర మీద నదిమట్టం గీత కదిలింది. “ఇంకా ఎన్నాళ్ళు మోస్తావమ్మా దీన్ని?” అన్నాడు అధికారి. “ఇది వరదను ముందే చెప్పినన్నాళ్ళూ,” అంటూ, పని అయ్యాకే చలి తెలిసినట్టు స్వెట్టర్ చేతులు దించుకుంది.