ఆరని వజ్రం

నా చిన్నప్పుడు, వానాకాలంలో ఒక శుక్రవారం సాయంత్రం సరిగ్గా అయిదు గంటలకు మా తాతయ్య నా కొత్త విల్లుకు చివరి కట్టు బిగించాడు. వేళ ఇంత కచ్చితంగా ఎందుకు తెలుసంటే, దాన్ని సుద్దతో గోడ మీద రాసింది నేనే. జిగురు పూసిన ప్రతిసారీ వారం, వేళ రాయాలన్నది ఆయన పెట్టిన నియమం. మూడు పగళ్ళు, మూడు రాత్రులు నిండేదాకా కట్టు విప్పకూడదన్నదీ ఆయన నియమమే.

మా తాతయ్య సూరత్‌లో మరమగ్గాల కార్ఖానాలో చెక్కపని చేసేవాడు. దసరాకు రామలీల ఆడేవాళ్ళ కోసం ఇంట్లో విల్లులు తయారు చేసేవాడు. వెదురు పట్టీ మీద టేకు పట్టీ, దాని మీద మళ్ళీ వెదురు. పొరల నడుమ వేడి జిగురు పూసి, పాత సైకిల్ ట్యూబు పట్టీలతో ఈ కొస నుంచి ఆ కొస దాకా చుట్టేవాడు. తోళ్ళు ఉడికించి చేసే ఆ జిగురును మావాళ్ళు వజ్రం అంటారు. నేను ఆ మాటను తు.చ. తప్పకుండా హిందీలోకి మార్చి, మా ఇంట్లో పొయ్యి మీద హీరా ఉడుకుతోందని నల్లా దగ్గర పిల్లలకు చెప్పాను. వజ్రాలు సానపట్టే ఊళ్ళో అలా చెబితే ఊరుకుంటారా? ఆనాటి నుంచి వీధిలో నా పేరు హీరేవాలీ.

వజ్రం ఆరిందో లేదో చూడడం కూడా ఆయనే నేర్పాడు. పొరల అంచున ఉబికి వచ్చిన జిగురును గోటితో నొక్కాలి. ఆరితే గాజుపెంకులా చిట్లుతుంది. ఆరకపోతే గోటి గుర్తు పడుతుంది. పదకొండేళ్ళకే నా గోరు ఆ పనిలో తప్పు చేసేది కాదు.

ఆ ఏడు ఒక వ్యాయామశాల వాళ్ళు ఆడపిల్లలకు విలువిద్య పోటీ పెట్టారు. ఎవరి విల్లు వారే తెచ్చుకోవాలి. గెలిచిన పిల్ల వడోదరాలో హాస్టల్లో ఉండి చదువుకోవచ్చు. బడి ఆ ఏటితో ఆపిస్తారని ఇంట్లో అనుకోవడం నేను విని ఉన్నాను. అమ్మా నేనూ రోజంతా మగ్గాలకు నూలు కండెలు చుడితేనే తాతయ్య తెచ్చిన పని తెమిలేది. ఆ పోటీ ఒక్కటే నాకున్న దారి. గోడకు వేలాడే పాత విల్లుతో రెండు నెలలు సాధన చేశాను.

పోటీ ఆదివారం ఉదయం. నేను పాత విల్లు అందుకోబోతుంటే తాతయ్య ఆపి, కొత్త విల్లు కట్టు విప్పి నా చేతిలో పెట్టాడు.

"పాతది నీకు పొట్టిగైంది బిడ్డా. గిది వట్టుకో."

నేను గోడ వైపు చూశాను. శుక్రవారం, అయిదు. ఇంకా రెండు పగళ్ళయినా నిండలేదు. పైగా ముసురు. అంచును గోటితో నొక్కాను. గుర్తు పడింది.

"తాతా, ఇంక ఆరలే."

"పొయ్యి పక్కన పెట్టిన, జల్ది ఆరింది. నాకే చెప్తవా?" అని నవ్వి, నా తల నిమిరాడు. ఆయన తల నిమరడం అరుదు. ఆ చెయ్యి తల మీద ఉండగా నా గోరు చెప్పిన మాట నేను వినలేదు.

మైదానంలో మొదటి బాణం చక్కగా తగిలింది. రెండోది లాగుతున్నప్పుడు చేతిలో ఏదో జారినట్టయింది. పైపట్టీ విడిపోయి నా మూతి మీద కొట్టింది. పొరల మధ్య వజ్రం పాకంలా తీగలు సాగడం చూశాను. తర్వాత నోట్లో రక్తం. మా వీధి పిల్ల ఒకతె చప్పట్లు కొట్టి అరిచింది.

"అరే దేఖో, హీరేవాలీ కా హీరా పిఘల్ గయా!"

హీరా కరిగిపోయిందని అందరూ నవ్వారు. పేర్లు పిలిచే ఆయన తరువాతి పేరు పిలిచాడు.

ఇంటికి వచ్చేసరికి తాతయ్య వాకిట్లో కూర్చుని కొత్త వెదురు చీలుస్తున్నాడు. నా మూతి చూశాడు. ఏమైందని అడగలేదు.

"మూడు దినాలన్నదెవరు?"

"నువ్వే."

"ఆరిందన్నదెవరు?"

"నువ్వే."

"మరి ఏది నమ్మినవ్?"

"నిన్ను."

"గదే తప్పు. అయినోడు చెప్పినా సరే, గోరు చెప్పిందే నమ్మాలె. బయటోళ్ళు నేర్పితే ఇంతకన్న గట్టిగ తగుల్తది. పో, మూతి కడుక్కో. కండెలు ఆగినయ్."

అమ్మ నా పెదవికి పసుపు అద్దింది. తల పైకెత్తలేదు. మామకు కోడలు ఎదురు చెప్పే ఇల్లు కాదు మాది. పాత విల్లు గోడ మీద అలాగే వేలాడుతోంది. దానికి ఏ లోపమూ లేదు. నా ఎత్తుకు అది సరిగ్గా సరిపోతుంది. ఆ సాయంత్రం కొలిచి చూశాను.

నాకు పాఠం నేర్పాలనే అలా చేశాడో, కండెలు ఆగకూడదని చేసి దానికి పాఠమని పేరు పెట్టాడో నేను ఆయన్ని అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెప్పేవాడు. దాన్ని గోటితో నొక్కి చూడడం ఎలా?

ఇప్పుడు సూరత్‌లోనే, భేస్తాన్‌లో కొడుకు ఇంట్లో ఉంటున్నాను. పాలవాడు వచ్చిన వేళ, మందు వేసుకున్న వేళ, వస్తానన్న మనిషి వచ్చిన వేళ, అన్నీ రాసుకుంటాను. ఆ పాఠం నాకు పనికొచ్చింది. నా కోపమంతా అందుకే. ఆ తర్వాత నన్నెవరూ మోసం చేయలేదు. కట్టుకున్న మనిషి మాటను కూడా నలభై ఏళ్ళు గోటితో నొక్కి చూశాను. ఆయన ఒక్కసారీ అబద్ధమాడలేదు. పోయే ముందు మాత్రం, "ఇప్పటికైనా ఆరిందా?" అని అడిగాడు.

ఆ ఆదివారం పోయినవి ఇవి. ఒక విల్లు. పై వరుసలో ఒక పన్ను. వడోదరాలో ఒక మంచం, దానితో పాటు చదువు. తాతా అన్న పిలుపు. ఆయన ఆ తర్వాత తొమ్మిదేళ్ళు బతికాడు.